లారీ జుట్టు తాడు.. లండన్‌ చేరింది!

హోసూరు దారిలోనో, బళ్లారి రోడ్డులోనో లారీలను ఓసారి గమనించండి. కొన్నింటి బంపర్‌కు నల్లటి తాడు చుట్టి ఉంటుంది. మనిషి జుట్టుతో పేనిన తాడది. దిష్టి తగలకూడదని డ్రైవర్లు కడతారు. రోజూ కనిపించేదే కదా అని మనం పట్టించుకోం. బెంగళూరు కళాకారిణి షీలా గౌడ పట్టించుకున్నారు.

2009 వెనిస్‌ బినాలేలో ఆమె ‘బిహోల్డ్‌’ను ప్రదర్శించారు. సరంజామా రెండే. దాదాపు 4 వేల మీటర్ల జుట్టు తాడు, 20 కారు బంపర్లు. గోడల వెంట తాడు కుప్పలుగా, ఉచ్చులుగా వేలాడుతుంది. బరువైన ఉక్కు బంపర్లను మోస్తున్నది ఆ వెంట్రుకలే! ఇప్పుడది లండన్‌లోని టేట్‌ సేకరణలో ఉంది.

పేడతో మొదలు

షీలా 1957లో భద్రావతిలో పుట్టారు. బెంగళూరు, బరోడా, శాంతినికేతన్‌, లండన్‌లలో చదువుకున్నారు. మొదట రంగులతో బొమ్మలు వేసేవారు. 1990ల్లో ఆవు పేడను చేతిలోకి తీసుకున్నారు. పేడ సంగతి మనకు కొత్తగా చెప్పాలా? వాకిట్లో కళ్లాపి, పొయ్యిలో పిడక, సంక్రాంతికి గొబ్బెమ్మ. అదే చెప్పుకి అంటితే మాత్రం ‘ఛీ’ అంటాం. వస్తువు ఒక్కటే, మారింది మన చూపు. షీలా పట్టుకున్నది ఈ మెలికనే. తర్వాత సూదులకు ఎక్కించిన దారాలకు కుంకుమ పట్టించి, పొడవాటి ఎర్రని తాళ్లు చేశారు. వాటిని చూస్తే పూజా గుర్తొస్తుంది, నెత్తురూ గుర్తొస్తుంది.

ఇదేం కళ?

‘తాడు వేలాడదీస్తే కళేనా? మేమూ చేస్తాం’ అనేవారు ఉంటారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ జుట్టు ప్రయాణం చూడండి. తలమీద ఉంటే అందం. అన్నంలో వస్తే అసహ్యం. గుడిలో ఇస్తే మొక్కు. వేలంలో సరుకు, విదేశాల్లో విగ్గు. బంపర్‌కు కడితే రక్ష. బండిని కాపాడేందుకు ఉక్కు, ఆ ఉక్కును కాపాడేందుకు వెంట్రుక! రాత్రంతా స్టీరింగ్‌ పట్టే మనిషి భయం ఎంతటిదో ఆ తాడే చెబుతుంది.

మరి మ్యూజియంలో డ్రైవరూ లేడు, దిష్టీ లేదు. అక్కడ అది రక్షా, ఉత్త జుట్టా? షీలా జవాబు రాసిపెట్టలేదు. ఈసారి సిగ్నల్‌ దగ్గర లారీ ఆగితే, మీరే చూసి చెప్పండి.