పొయ్యి వెలిగించని విందు

పిల్లల పుట్టినరోజుకైనా, సండే స్కూలు విందుకైనా కేకే కావాలా? ములుగు జిల్లా మేడారంలో రెండేళ్లకోసారి జరిగే జాతరలో బెల్లాన్ని ‘బంగారం’ అంటారు. మొక్కుకున్నవారు తమ బరువుకు సరితూచి ఇస్తారు. ఆ బంగారంతోనే, పొయ్యి జోలికి పోకుండా, పిల్లలచేత రంగురంగుల ఉండలు చేయించవచ్చు.

రెండు గ్లాసుల పల్చటి అటుకులను పెద్దవాళ్లే మిక్సీలో బరకగా పట్టండి. గ్లాసు బెల్లం తురుము, అరగ్లాసు పచ్చికొబ్బరి, రెండు చెంచాల నెయ్యి, కాస్త యాలకుల పొడి కలపండి. ఉండ కట్టకపోతే కాచి చల్లార్చిన పాలు చిలకరించండి. ఆపైన పని చిట్టి చేతులదే. కొన్ని ఉండలను నువ్వులలో, కొన్నింటిని సన్నగా తరిగిన టూటీ ఫ్రూటీలో దొర్లించమనండి. ఎర్రగా, పచ్చగా మెరిసే ఆ ముక్కలు పచ్చి బొప్పాయివేనంటే ఎంత ఆశ్చర్యపోతారో! బెల్లం మాత్రం మరీ పచ్చగా మెరిసేది వద్దు. ఆ మెరుపు కోసం కొందరు హైడ్రోస్ కలుపుతారు. ముదురు రంగుదే మేలు.

ఒక్క విషయం మేము గట్టిగా చెబుతాము. ఐదేళ్లలోపు పిల్లలుంటే పల్లీలు, జీడిపప్పు గింజలుగా వేయవద్దు. నవ్వుతూ, పరుగెత్తుతూ తింటే గింజ ఊపిరిగొట్టంలోకి జారి ప్రాణం మీదికి వస్తుంది. పొడిచేసి కలపండి, కూర్చోబెట్టి తినిపించండి. పచ్చికొబ్బరి ఉంది కనుక ఉండలు ఆ రోజే అయిపోవాలి. మిగులుతాయన్న బెంగ మాకైతే లేదు.