ఉగ్లాకి ‘గ’ ఎక్కణ్ణించి వచ్చింది?

నిడదవోలు చుట్టుపక్కల వరిచేలలో చీకటిపడ్డాక ఎలుకల కోసం తిరిగే తెల్లమొహం పిట్టని మనం గుడ్లగూబ అంటాం. అది ఇంట్లో దూరితే ఇల్లు పాడుపెట్టాలని నమ్మేవాళ్లూ ఉన్నారు. పంట కాపాడే పిట్టకి ఇది అన్యాయమే. స్వీడన్‌లో గుడ్లగూబల జాతి మొత్తానికీ పేరు ‘ఉగ్లా’. గూబ, ఉగ్లా పక్కపక్కన వింటే ఏదో చుట్టరికం ఉందనిపిస్తుంది. లేదు. రెండూ పిట్ట కూతలోంచి పుట్టినవే గానీ, ఎవరి చెవి వాళ్లది.

మన గూబకి కన్నడంలో గూబె, గూగె, తమిళంలో కూగై తోబుట్టువులు. కూత విని పెట్టిన ఆ పేరుకి తెలుగువాళ్లు ముందు ‘గుడ్లు’ తగిలించి కళ్లని కూడా లాక్కొచ్చారు. పైడికంటి అనే పేరులోనైతే కూత ఊసే లేదు, బంగారు కళ్లే.

ఉగ్లా కథ వేరు. ఇంగ్లీషు ‘ఔల్’, జర్మన్ ‘ఓయ్‌లె’, ఈ ఉగ్లా ఒకే తల్లి పిల్లలు. ఆ తల్లి మాటలో ‘గ’ లేదనీ, ‘ఉవ్వలో’ లాంటి పలుకుబడి ఉండేదనీ భాషావేత్తలు లెక్కగట్టారు. స్వీడన్ చుట్టుపక్కల ఉత్తరాదివాళ్ల నోట్లో ఆ జంట వకారం గట్టిపడి గకారమైంది. జంట యకారానికీ అదే గతి పట్టింది. గుడ్డుని జర్మన్లు ‘ఐ’ అంటే స్వీడన్‌వాళ్లు ‘ఎగ్’ అంటారు. మనకి తెలిసిన ఇంగ్లీషు ‘ఎగ్’ కూడా వైకింగులు ఇంగ్లండ్‌లో దిగబెట్టిన మాటే. అంతకుముందు అక్కడివాళ్లది ‘ఎయ్’ లాంటి మాట. కాబట్టి ఉగ్లాలోని ‘గ’ గుడ్లగూబ ఇచ్చింది కాదు, మనుషుల నాలుక పెట్టింది.

తమాషా ఏమిటంటే, డెన్మార్క్‌వాళ్లు రాతలో ఆ గకారం ఉంచి, నోటితో మాత్రం ‘ఊలె’ అంటారు. సంస్కృతం ఉలూకం, లాటిన్ ‘ఉలులా’ పక్కన పెట్టి చూస్తే, మాట మళ్లీ కూత దగ్గరికే వచ్చినట్టుంది.

ఈ ఊలె ఒక సామెతనే తారుమారు చేసింది. ఎక్కడైనా మతలబుందని అనుమానమొస్తే డెన్మార్క్‌వాళ్లు ‘చిత్తడిలో గుడ్లగూబలున్నాయి’ అంటారు. అసలు సామెతలో ఉన్నవి తోడేళ్లు. డెన్మార్క్‌లోని యూట్‌లాండ్ యాసలో తోడేళ్ల పేరు ‘ఉల్లెర్’ లాగా పలికేది. దాన్ని మిగతావాళ్లు గుడ్లగూబలుగా విన్నారు. అలా తోడేళ్లు పోయి గుడ్లగూబలు మిగిలాయి. చిత్తడిలో తోడేలుందంటే మందని తోలుకొచ్చేయాలి, గుడ్లగూబ ఉంటే ఎవరికి నష్టం? అయినా ఎవరూ సామెతని దిద్దుకోలేదు సరికదా, నార్వే, స్వీడన్‌వాళ్లు కూడా దాన్ని గుడ్లగూబలతోనే వాడుతున్నారు.