డే ఆఫ్ ది డెడ్: పుర్రెల మేకప్, బంతిపూల దారి.. మెక్సికోలో చనిపోయినవారికి స్వాగతం ఎందుకు?

ముఖానికి పుర్రె మేకప్, తలపై పూల కిరీటం, వీధుల్లో అస్థిపంజరాల డ్యాన్సులు.. నవంబర్ వస్తే చాలు మెక్సికో వీడియోలు ఫోన్లలో తెగ తిరుగుతాయి. చాలామంది హాలోవీన్ అనుకుంటారు. కానీ ఇది వేరే పండగ. పేరు 'దియా దె లోస్ మువెర్తోస్', అంటే చనిపోయినవారి రోజు.

నమ్మకం ఏంటి?
నవంబర్ 1న చనిపోయిన పిల్లలు, 2న పెద్దలు ఇంటికొస్తారని నమ్మకం. అందుకే ఇంట్లో 'ఓఫ్రెండా' అనే వేదిక పెడతారు. దానిపై పోయినవారి ఫొటో, కొవ్వొత్తులు, ఉప్పు, వాళ్లకు ఇష్టమైన వంటలు ఉంటాయి. గ్లాసుడు నీళ్లు తప్పనిసరి. అంత దూరం నుంచి వచ్చినవారికి దాహం వేస్తుంది కదా! పిల్లల కోసమైతే బొమ్మలు, మిఠాయిలు.

బంతిపూలు ఎందుకు?
ఆ రంగు, వాసనే దారి చూపిస్తాయట. అందుకే గుమ్మం నుంచి వేదిక దాకా రేకులు చల్లుతారు. మన దసరా తోరణాల్లో కనిపించే బంతికి పుట్టిల్లు కూడా మెక్సికో ప్రాంతమే.

చేతిపనుల సందడి
పల్చటి రంగు కాగితాలను దొంతరగా పేర్చి, ఉలి, సుత్తితో బొమ్మలు చెక్కుతారు. ఈ తోరణాల పేరు 'పాపెల్ పికాడో'. ప్యూబ్లా రాష్ట్రంలోని శాన్ సాల్వడార్ విష్కొలోట్లా ఊరు వీటికి ప్రసిద్ధి. పంచదార పాకంతో పుర్రెలు పోసి, నుదుటిపై పేర్లు రాస్తారు. ఎముకల ఆకారం అద్దిన తీపి రొట్టె 'పాన్ దె మువెర్తో' కూడా ఉండాల్సిందే.

టోపీ పెట్టుకున్న ఆ పుర్రె ఎవరు?
ఆమె పేరు కాత్రీనా. 1910 ప్రాంతంలో హోసే గ్వాదలూపే పోసాదా అనే చిత్రకారుడు వేసిన వ్యంగ్య చిత్రం. యూరప్ ఫ్యాషన్ల మోజులో సొంత మూలాలు మరిచినవారిపై అది సెటైర్.

పరేడ్ కథ వేరు
మెక్సికో సిటీలో జరిగే భారీ పరేడ్ పాత ఆచారమేం కాదు. 2015లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా 'స్పెక్టర్' కోసం అలాంటి ఊరేగింపును కల్పించి తీశారు. అది చూశాకే 2016లో నిజంగా మొదలుపెట్టారు. ఇళ్లలో, శ్మశానాల్లో జరిగే ఆచారాలకు మాత్రం 2008లోనే యునెస్కో వారసత్వ జాబితాలో చోటు దక్కింది.

కెమెరాలకు పెద్దగా చిక్కని అసలు పండగ అక్కడే ఉంది. కుటుంబమంతా వెళ్లి సమాధులు కడిగి, పూలతో అలంకరిస్తారు. చాలా ఊళ్లలో కొవ్వొత్తుల వెలుగులో రాత్రంతా అక్కడే కూర్చుంటారు. తాత ఎలా నవ్వేవాడో, అమ్మమ్మ ఏం వండేదో పిల్లలకు చెబుతారు. పోయినవారిని చూడని మనవలకు కూడా వాళ్లు తెలిసేది అలాగే.