స్వల్పధరలో బేస్ గిటారు: ఎన్నుకొను విధము

వాద్యబృందమున బేస్ గిటారు మ్రోగుచున్నంతసేపు దానిని గమనించువారు అరుదు. అది ఆగిన క్షణమున మాత్రము పాట క్రింది నేల జారినట్లగును. ఇళయరాజా 1980 దశకమున మన చిత్రములకు కూర్చిన పాటలను మంచి స్పీకరుపై వినినచో, గాయకుని గొంతుకు దిగువన మరియొక స్వరపంక్తి తన దారిన తాను నడచుచుండుట తెలియును. కవ్వాలీలో ఢోలకు ఎడమవైపు గుమకము చేయు పనికిని, తంబురా శ్రుతి చేయు పనికిని నడుమ దీని స్థానమని చెప్పవచ్చును.

నేర్చుకొనవలెనను కోరిక గల విద్యార్థులు మనలో పలువురు గలరు. అయితే ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన సొమ్ముతో ఒకసారి కొనిన వాద్యమును మరల మార్చుకొను స్తోమత అందరికిని ఉండదు. చెడ్డ వాద్యము చేతబడినచో వ్రేళ్లు నొచ్చును, స్వరము తప్పి పలుకును. ఆ దోషము కొయ్యదని తెలియని బాలుడు తనకు సంగీతము అబ్బలేదని తలచి విరమించును. సొమ్ము పోవుటకంటె ఇది పెద్ద నష్టము.

మొదట దీని నిర్మాణమును కొంత తెలిసికొనవలెను. కాలిఫోర్నియా రాష్ట్రమున లియో ఫెండర్ 1951లో ‘ప్రెసిషన్ బేస్’ అను పేర దీనిని విపణికి తెచ్చెను. అంతకు ముందే, 1930 దశకమున, సియాటిల్ నగరమున పాల్ టుట్మార్క్ ఇట్టిదానిని చేసియుండెను గాని అది వ్యాప్తికి రాలేదు. మనిషెత్తు డబుల్ బేసుకు మెట్లు లేవు, వీనికి ఉన్నవి. కావున స్వరము ఖచ్చితముగా పలుకును. ‘ప్రెసిషన్’ అను పేరు అందులకే వచ్చినది.

మామూలు గిటారులోని లావుపాటి నాలుగు తంతుల స్వరములే ఇందునను గలవు, కాని ఒక స్థాయి దిగువన. అన్నింటికంటె మందమైన ఈ తంతి సెకనుకు సుమారు 41 సార్లు, సన్ననిదగు జి తంతి 98 సార్లు కంపించును. తంతి పొడవు సాధారణముగా 34 అంగుళములు. ఫెండర్ గిటారు తంతి పొడవు 25.5 అంగుళములు. ఈ రెంటి నిష్పత్తి సరిగా 4:3. పొడవు పెరుగుట వలన మాత్రమే అయినచో షడ్జము మంద్ర పంచమము వరకే దిగును. ఆ పైన కావలసిన దిగుదల యంతయు తంతికి తీగ చుట్టి బరువు పెంచుట చేతనే సాధ్యమగుచున్నది. అట్టి బరువైన తంతులను శ్రుతిలో నిలుపుటకు నాలుగింటికి కలిపి 70 కిలోలకు పైబడిన లాగుడు కావలయును. ఆ భారమునంతయు రాత్రింబవళ్లు మోయునది వాద్యపు మెడ, అనగా వీణలో దండి వంటి భాగము.

కావున చౌక వాద్యమును పరీక్షించునపుడు రంగును చూడక మెడను చూడవలెను. తంతిని మొదటి మెట్టుపై ఒక వ్రేలితోను, చిట్టచివరి మెట్టుపై మరియొక వ్రేలితోను అదిమి, నడుమ ఏడెనిమిది మెట్ల వద్ద ఎంత సందు గలదో చూడుడు. దళసరి కాగితము దూరునంత సందు మంచిది. అంతకు చాల మించినచో మెడ వంగినదని అర్థము. మెడలోపలి ఉక్కుకడ్డీని, ట్రస్ రాడ్ అందురు, కొంచెము త్రిప్పి వంపును సరిచేయవచ్చును. కాని బిరడల వైపునుండి చూచునపుడు మెడ మెలిపడి కనుపించినచో, ధర ఎంత తక్కువయైనను వదలివేయుడు. దానికి సులభమైన మందు లేదు. పిమ్మట ప్రతి తంతిని ప్రతి మెట్టుపై మీటి, గరగర శబ్దము ఎచ్చటనైన వచ్చునేమో వినవలెను. పండ్రెండవ మెట్టుపై అదిమిన స్వరము ఖాళీ తంతికి సరిగా ఒక స్థాయి పైన పలుకవలెను. మెడ అంచున చేయి జార్చి చూచుట మరువవద్దు. మన వేసవిలో కొయ్య ఎండి కుదించుకొనును, లోహపు మెట్లు కుదించుకొనవు. వాని కొనలు బయటికి వచ్చి అరచేతిని గీరును.

ధ్వనిగ్రాహకముల విషయము ఇంత కష్టము కాదు. అయస్కాంతము, దానిచుట్టు రాగి తీగ చుట్ట, అంతియే. 1957 నుండి ప్రెసిషన్ బేసులో అది రెండు ముక్కలుగా విడివడి, ఒకదాని గుంయిమను రొదను మరియొకటి రద్దు చేయుచున్నది. 1960లో వచ్చిన జాజ్ బేసుకు రెండు గ్రాహకములు, సన్నని మెడ గలవు. ఆరంభకులకు ఏదైనను చాలును. ఐదు తంతుల వాద్యము మాత్రము ఇప్పుడు వలదు. దాని అడుగు స్వరము సెకనుకు 31 కంపనములు, చిన్న స్పీకరులు దానిని పలుకనే పలుకవు.

చేతులు చిన్నవైనవారు 30 అంగుళముల పొట్టి బేసును చూడవచ్చును. అది పిల్లల ఆటవస్తువని కొందరి అపోహ. పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గు నగరమున కొనిన హోఫ్నర్ అట్టిదే. ఫెండర్ ధర అందనందుననే ఆయన దానిని ఎన్నుకొనెను. 1972లో దొంగిలింపబడిన ఆ వాద్యము మరల ఆయనను చేరినట్లు 2024లో వెల్లడియైనది.

నేడు స్క్వయర్, యమహా, ఐబనేజ్ సంస్థల ఆరంభశ్రేణి బేసులు, ఎక్కువగా ఇండోనేషియా, చైనాలలో తయారగునవి, నమ్మదగినవి. అయితే పేరును బట్టి కాక, చేతిలోనున్న ఆ ఒక్క వాద్యమును బట్టియే నిర్ణయించవలెను. వాడినదానిని కొనుటయు మంచిదే. మీటలు త్రిప్పునపుడు చిటపట వచ్చినచో అది తరచు ధూళియే, శుభ్రపరచిన పోవును. ఆ నెపముతో బేరము కూడ ఆడవచ్చును.

సొమ్మునంతయు వాద్యముపైననే వెచ్చించువారు యాంప్లిఫయరు దగ్గర చిక్కుపడుదురు. నా అభిప్రాయమున మూడింట ఒక వంతు దీనికి, బాగుచేయు కూలికి, కేబులుకు విడిగా ఉంచవలెను. మామూలు గిటారు యాంప్లిఫయరుకు బేసును తగిలించి గట్టిగా వాయించినచో స్పీకరు చినుగవచ్చును. మంద్రస్వరమునకు దాని కాగితపు శంకువు చాలదూరము ముందు వెనుకలకు కదలవలసి యుండును. ఇంట అభ్యసించువారికి హెడ్‌ఫోనులతో పనిచేయు చిన్న పరికరము చాలును. పొరుగువారు కూడ సంతోషింతురు.

కళాశాల సంఘమువారు వార్షికోత్సవ బృందమునకు ఎన్నడైన కొనదలచినచో, ఖరీదైన ఒక్క వాద్యమునకు బదులు సాధారణమైన నాలుగు తంతుల బేసును, ప్రత్యేకముగా బేసుకొరకే చేసిన యాంప్లిఫయరును, ఒక జత అదనపు తంతులను కలిపి కొనుట మేలు. బేసు తంతుల వెల ఎక్కువ, కాని అవి చాలకాలము మన్నును. వాద్యమును రేకుల కప్పు గల గదిలో వేసవి యంతయు మూసి ఉంచరాదు. తొమ్మిది వోల్టుల బ్యాటరీ గల రకమైనచో, వాయించుట ముగియగానే కేబులును వాద్యమునుండి ఊడదీయవలెను; అది తగిలియున్నంతసేపు బ్యాటరీ ఖర్చగుచునే యుండును.