ఏటిగట్టుకు అవతలి ఇల్లు

విజయవాడ నుంచి గోదావరి జిల్లాలకు కారు వేసుకుని పోవడం పెద్ద విశేషం కాదు. ఫజర్ నమాజు చేసుకుని బయల్దేరితే తణుకులో టిఫిను, ఎండ ముదిరేలోగా కోనసీమ. అయినా మా స్నేహితురాలు నెల రోజులుగా ఈ ప్రయాణం గురించి పోరుతూనే ఉంది. ఆమె నానమ్మ కోనసీమలో ఒక లంక గ్రామంలో ఒంటరిగా ఉంటుంది. ఎనభై దాటిన మనిషి. వరదల కాలం రాకముందే ఆమెను ఒప్పించి రాజమండ్రిలో పెదనాన్న గారింటికి చేర్చాలి. ఇంట్లో వాళ్ల మాట వినని పెద్దవాళ్లు బయటివాళ్లు చెబితే వింటారని మా స్నేహితురాలి నమ్మకం. అందుకే మమ్మల్ని కూడా రమ్మంది.

జూన్ మొదటి శనివారం బయల్దేరాం. కారు ఆమే నడిపింది. ఇద్దరు ఆడవాళ్లు అంత దూరం ఎలా వెళ్తారని వాళ్ల అత్తగారు అడ్డుపడితే, ఇంటర్ చదివే కొడుకును మహరమ్ హోదాలో వెనుక సీట్లో కూర్చోబెట్టింది. ఆ మహరమ్ గారు సిద్ధాంతం వంతెన వచ్చేదాకా నిద్ర లేవలేదు.

సిద్ధాంతం దగ్గర దాటేది వశిష్ఠ. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. ఆ రెండింటి నడుమ ఉన్న నేలే కోనసీమ. వశిష్ఠ నుంచి వైనతేయ అని ఇంకో పాయ విడిపోయి ఆ నేలను మళ్లీ రెండు చేస్తుంది. 2022 ఏప్రిల్‌లో అమలాపురం కేంద్రంగా ఇదొక జిల్లా అయింది గానీ, ఇక్కడివాళ్లు అంతకు ముందు నుంచే తమది వేరే రాజ్యం అన్నట్టే మాట్లాడేవారు. రావులపాలెంలో అరటి గెలల లారీల మధ్య నుంచి బయటపడి, కొత్తపేట మీదుగా అంబాజీపేట చేరాం. ఇక్కడ కొబ్బరికాయల రాశులు చూస్తే మన ఊళ్లో కాయకు చెప్పే ధర గుర్తొచ్చి ఎవరికైనా కడుపు మండుతుంది.

పి.గన్నవరంలో కాలువ నదిని దాటుతుంది. కింద వైనతేయ, పైన తొట్టిలో కాలువ నీళ్లు. మహరమ్ గారు మొదటిసారి ఫోను పక్కన పెట్టి అద్దం దించింది ఇక్కడే. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాడు. ఆ నీరు డెల్టా మూలమూలకూ పోవాలంటే పాయలను కూడా దాటించాల్సి వచ్చింది.

అక్కడి నుంచి కొంత దూరంలో ఏటిగట్టు ఎక్కాం. డెల్టా ఊళ్లను వరద ముంచకుండా నదికి రెండువైపులా కట్టిన కట్ట అది. గట్టుకు ఇవతల ఉన్న ఊళ్లకు రక్షణ. లంకలు మాత్రం గట్టు లోపల, నది వైపున ఉంటాయి. నది తెచ్చిన ఒండ్రు మట్టి మేట వేసి ఏర్పడిన దిబ్బలే అవి. గట్లు ఎంత ఎత్తు పెంచితే లోపలి లంకల మీద నీరు అంత ఎత్తున పోతుంది. ఊరిని కాపాడే గోడ లంకవాళ్లకు వీపు వెనుక గోడ అయింది. మరి అక్కడే ఎందుకుంటారంటే, ఆ ఒండ్రులో కంద, అరటి, పసుపు, కూరగాయలు పండినట్టు మరెక్కడా పండవు. ముంచే నీరే ఎరువు తెచ్చి పోస్తుంది.

గట్టు దిగి, వానాకాలంలో మునిగిపోయే కాజ్‌వే మీదుగా లంకలోకి వెళ్లాం. ఊరి పేరు రాయవద్దని నానమ్మ కోరింది. "రాస్తే ఎవరో ఒకరు పాకేజీ అని వచ్చేత్తారు" అన్నది.

ఇల్లు రెండు గదులు, ముందు వసారా. ఒకప్పుడు ఈ ఊళ్లో ఆరు ముస్లిం ఇళ్లుండేవి. ఇప్పుడు ఇదొక్కటే. దూదేకి పరుపులు కుట్టడం వీళ్ల వృత్తి. నానమ్మ మామగారు విల్లు భుజాన వేసుకుని నరసాపురం దాకా ఊరూరూ తిరిగేవారట. ఫోమ్ పరుపులు వచ్చాక ఆ విల్లు అటక ఎక్కింది. వరదల్లో పెట్టెలు, మంచాలు కొట్టుకుపోయినా విల్లు మాత్రం అటక మీదే ఉంది. ఇంట్లో ఉర్దూ లేదు. నమాజు అరబీలో, మిగిలిన బతుకంతా కోనసీమ తెలుగులో. మా పాఠకుల్లో చాలామందికి దాదీ అన్న పిలుపే అలవాటు. ఇక్కడ నానమ్మే.

మమ్మల్ని చూడగానే సలాముకు జవాబిచ్చి, "ఎవరమ్మాయివే నువ్వు? తిన్నావా లేదా?" అని రెండు ప్రశ్నలూ ఒకేసారి అడిగింది. మధ్యాహ్నం చేపల పులుసు. పులస కాదు, పులస సముద్రం నుంచి ఎదురెక్కేది వరద ఎర్రనీళ్లు వచ్చాకే. కోడి కోయించాలంటే గట్టు అవతలి ఊరు పోవాలి. చేపకు జబహ్ అక్కర్లేదు గనుక లంకలో ముసల్మాను పస్తుండే పని లేదని ఆమె అన్నది.

తిన్నాక గోడ చూపించింది. సున్నం గోడ మీద బొగ్గుతో రెండు గీతలు. నడుము ఎత్తున 2006, భుజం ఎత్తున 2022. మనవడు 1986 ఎక్కడని అడిగాడు. ఆ ఏడాది ఆగస్టులో భద్రాచలం దగ్గర నది 75 అడుగులు దాటింది, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. వాడు బడిలో చదివాడు గనుక అడిగాడు.

"ఆ గోడే లేదురా" అన్నది నానమ్మ.

వరద సంగతులు ఆమెకు అంకెలతో సహా కంఠతా వచ్చు. భద్రాచలంలో 43 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 రెండవది, 53 మూడవది. ధవళేశ్వరంలో పదకొండు ముప్పావు, పదమూడు ముప్పావు, పదిహేడు ముప్పావు. భద్రాచలంలో పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ఆ ఒక్క రోజులో ఏం చేయాలో ఊరికి చెప్పేది ఆమే. గేదెలను ఎప్పుడు గట్టెక్కించాలి, బియ్యం ఎవరి డాబా మీద పెట్టాలి, బాలింతలను ముందు పంపాలా ముసలివాళ్లనా అని జనం ఈ వసారాలోకే వచ్చి అడుగుతారు. ఆ సాయంత్రం మేము కూర్చున్న రెండు గంటల్లోనే ముగ్గురు వచ్చారు. ఒకతను కంద ఇప్పుడే నాటాలా, వారం ఆగాలా అని అడిగి వెళ్లాడు.

నీటికన్నా ఆమెకు గాలంటే భయం. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో గోదావరి జిల్లాల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. ఆ రాత్రి ఆమె, భర్త, ఇద్దరు పిల్లలు బియ్యం పీపా పక్కన ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారట. "గోదారి చెప్పి వత్తాది. గాలి చెప్పదు" అన్నది.

మగ్రిబ్ తర్వాత మా స్నేహితురాలు అసలు మాట ఎత్తింది. పెదనాన్న గది కట్టించాడని, కమోడ్ కూడా పెట్టించాడని, మస్జిదు నాలుగు అడుగుల్లో ఉంటుందని చెప్పింది. నానమ్మ వింటూ చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. అప్పుడు మా స్నేహితురాలు ఏడ్చింది. 2022 జులైలో తాను రోజూ ఫోన్ చేస్తే, "మా వీధిలోకి నీళ్లు రాలేదు" అని నానమ్మ చెప్పిందట. ఆ మాట చెప్పే సమయానికి ఆమె పక్కింటి డాబా మీద ఉంది, కింద భుజం లోతు నీళ్లు. ఆ ఏడు వరద ఆగస్టు దాకా ఆగకుండా జులై మధ్యలోనే వచ్చింది, భద్రాచలంలో 71 అడుగులు దాటింది. మూడు రాత్రులు ఆ డాబా మీద నాలుగు కుటుంబాలు ఒకే పొయ్యి మీద వండుకున్నాయి. నాలుగో రోజున పడవ వచ్చింది. ఆమెను భుజాన ఎత్తుకుని పడవలోకి దించిన కుర్రాడి కాలు జారి, ఇద్దరూ కొట్టుకుపోవాల్సింది. మా స్నేహితురాలికి ఈ సంగతి ఏడాది తర్వాత ఒక పెళ్లిలో ఎవరో చెబితే తెలిసింది.

"నాతో అబద్ధం ఎందుకు చెప్పావు నానమ్మా?"

"నువ్వు బెజవాడ నుంచి ఈదుకుంటూ వత్తావా ఏం?"

మా మాట అడిగారు. తాతగారి సమాధి ఇక్కడుంది గనుక కదలలేకపోతున్నారేమో, అది మేము అర్థం చేసుకోగలమని మర్యాదగా మొదలుపెట్టాం. మా స్నేహితురాలు కూడా అలాగే అనుకుంటోంది. నానమ్మ మా వైపు వింతగా చూసింది. ఖబరస్తాన్ ఉన్న ఒడ్డు కోతకు గురై మూడేళ్ల కిందటే నదిలో కలిసిందట. "ఆయన ఎప్పుడో సముద్రానికి ఎల్లిపోయారు. నేను ఆయన కోసం ఉండటం ఏంటమ్మా?" అన్నది. మనవరాలికి ఈ సంగతీ తెలియదు. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

రాజమండ్రిలో పోయినసారి ఇరవై రోజులు ఉందట. కోడలు మంచిదే, అన్నం వేళకు పెడుతుంది, కాళ్లు పడుతుంది. "కానీ నన్నక్కడ ఎవరూ ఏమీ అడగరు" అన్నది. ఇంకేమీ చెప్పలేదు.

ఆమెది మొండితనమని మాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది. ఆ కుర్రాడి కాలు జారిన విషయం మేము మరచిపోలేం. ఆమె ఒక్కతే ఉండటానికి ఇంకో ఇంటి బిడ్డ ప్రాణం అడ్డు పెట్టాలా? ఈ మాట కూడా అన్నాం. దానికి ఆమె తల దించుకుంది. ఆ రాత్రి ఆమె జవాబు చెప్పలేనిది ఈ ఒక్కదానికే.

రాత్రి రేకు పెట్టె తెరిచి పట్టా కాగితాలు తీసింది. మనవడు చదివి, "నానమ్మా, హిజ్రీ 1362 అంటే చాలా పాతది" అన్నాడు. హిజ్రీ కాదు, ఫసలీ. అక్బరు కాలంలో పంటల లెక్క కోసం పెట్టిన సంవత్సరం, మన రెవెన్యూ కాగితాల్లో ఇంకా నడుస్తోంది. దక్షిణాదిన జులై ఒకటిన మొదలవుతుంది, 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. అంటే 1952 జులై నుంచి 1953 జూన్ వరకు. మామగారు భూమి కొన్న ఆ ఫసలీ ముగిసిన రెండో నెల, 1953 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది. కాగితం మీద ఎకరం ముప్పై సెంట్లు. నేల మీద ఇప్పుడు డెబ్బై సెంట్లు. మిగతా అరవై ఎక్కడని వాడు అడిగితే, "గోదారిలో ఉంది. ఎక్కడికి పోద్ది?" అన్నది.

మేమిద్దరం చెప్పలేని మాట చివరికి వాడే చెప్పాడు. "నానమ్మా, నువ్వు ఊళ్లో వాళ్లందరికీ ఎప్పుడు బయల్దేరాలో చెప్తావు గదా. నువ్వెప్పుడు బయల్దేరాలో ఎవరు చెప్తారు?"

ఆమె వాడివైపు చాలాసేపు చూసింది. తర్వాత బేరం మొదలైంది. ఆమె 53 అన్నది, మనవరాలు 43 అన్నది. 48 దగ్గర కాసేపు ఆగారు. గేదెలు, బాలింతలు గట్టెక్కాకే తాను ఎక్కుతానని నానమ్మ షరతు పెట్టింది. అలాగైతే మొదటి హెచ్చరిక నాడే కారు వచ్చి గట్టు మీద నిలబడుతుందని మనవరాలి షరతు. ఇషా వేళకు 43 దగ్గర తేలింది. వాడు బొగ్గు తీసుకుని 2022 గీత పక్కనే గోడ మీద 43 అని రాశాడు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. నానమ్మ లేకుండానే. ఆత్రేయపురంలో పూతరేకులు కొన్నాం. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక డబ్బాలు అందంగా తయారయ్యాయి, రేకు మాత్రం పాత రేకే. అక్కడి నుంచి బ్యారేజీ మీదుగా ధవళేశ్వరం. కాలువలకు నీళ్లు వదిలారు గానీ నదిలో ఇసుక తిన్నెలు బయటపడి ఉన్నాయి. ఇదే నీరు భుజం ఎత్తున ఒక వసారాలో నిలబడిందంటే నమ్మడం కష్టం. వాడు కారు ఆపించి నీటిమట్టం కొలిచే గీతలు ఎక్కడున్నాయో వెతుక్కుని వచ్చాడు.

రాజమండ్రిలో మెయిన్ రోడ్డు పెద్ద మస్జిదులో వాడు జోహర్ చదివి వచ్చేదాకా కారులోనే కూర్చున్నాం. తుగ్లకుల కాలంలో సాలార్ ఉల్వీ కట్టించిన మస్జిదు అది. హిజ్రీ 724 రంజాను 20 అని ఫారసీ శాసనం ఉంది, అంటే 1324 సెప్టెంబరు. అన్నేళ్ల కిందటే మనవాళ్లు గోదావరి ఒడ్డున ఉన్నారని వాడికి చెబితే, "మరి వాళ్లు లంకలో ఎందుకు కట్టలేదు?" అన్నాడు. వాడి ధ్యాస ఇంకా అక్కడే ఉంది.

పెదనాన్న గారింట్లో భోజనాలు సిద్ధంగా ఉన్నాయి. కారులోంచి ముగ్గురమే దిగడం చూసి ఆయన గేటు దగ్గరే ఆగిపోయారు. ఒప్పందం సంగతి చెప్పాం. ఆయనకు నచ్చలేదు. "నలుగురూ నన్నేమంటారు? ఉన్న తల్లిని ఏటిలో వదిలేశాడని అనరా?" అన్నారు. గది చూపించారు. కొత్త మంచం, కిటికీకి దోమల జాలి, గోడకు పట్టుకుని లేవడానికి కడ్డీ. ఆ కడ్డీని ఆయన స్వయంగా బిగించారట. దాన్ని రెండుసార్లు లాగి చూపించి, "గట్టిగానే ఉంది" అన్నారు. మేము ఆయన వైపు న్యాయం లేదని అనలేకపోయాం.

తిరుగు ప్రయాణంలో మా స్నేహితురాలు తణుకు దాకా మాట్లాడలేదు. ఆ తర్వాత, 43 నాడు గట్టు మీదికి వెళ్లే కారు పెదనాన్నదే కావాలని, డ్రైవరును పంపకుండా ఆయనే వెళ్లాలని అన్నది. ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పింది. ఆయన సరేనన్నారు.

ఇప్పుడు మనవడు రోజూ కాలేజీకి పోయేముందు భద్రాచలం నీటిమట్టం చూసి నానమ్మకు ఫోన్ చేస్తాడు. అంకె ఆమెకు ముందే తెలిసి ఉంటుంది. అయినా వాడు చెప్పేదాకా తెలియనట్టు వింటుందట.