ఖాళీ గిన్నెల విందు

న్యూఢిల్లీ: రాజధానిలో విందులకు కొదువ లేదు. దౌత్య కార్యాలయాల విందులు, మంత్రుల ఇళ్లలో తేనీటి విందులు పాతికేళ్లుగా చూస్తూనే ఉన్నాను. అయితే మా కాలనీ నివాసుల సంఘం గడచిన శీతకాలంలో ఏర్పాటు చేసిన విందు వంటిది అంతకుముందెన్నడూ చూడలేదు. తలకు అయిదు వందల రూపాయలు చెల్లించాలి. వడ్డించినది పెసరపప్పు కిచిడీ, గరిటెడు పెరుగు, ఇంత పచ్చడి, అంతే. తిన్న మట్టి గిన్నెను కడుక్కుని ఇంటికి తీసుకుపోవాలి. వసూలైన సొమ్ము రాత్రి బసలలో తలదాచుకునే నిరాశ్రయుల భోజనాలకు.

ఈ పద్ధతికి పుట్టినిల్లు అమెరికా. 1990లో మిచిగన్ రాష్ట్రంలో జాన్ హార్టమ్ అనే చిత్రకళోపాధ్యాయుడు తన విద్యార్థుల చేత గిన్నెలు చేయించి, అతిథులకు వాటిలో సూపు పోసి, ఆకలిగొన్నవారి కోసం విరాళాలు సేకరించాడు. గిన్నెను అతిథే ఉంచుకోవాలన్నది నియమం. ఎక్కడో ఎవరి గిన్నెనో ఖాళీగా ఉన్నదని అది గుర్తు చేస్తూ ఉండాలన్నది ఉద్దేశం. 'ఖాళీ గిన్నెలు' అన్న పేరుతో ఆ పద్ధతి పలు దేశాలకు పాకింది.

కార్డుకెక్కని కోడలు

మా విందుకు గిన్నెలు ఉత్తమ్‌నగర్ నుంచి వచ్చాయి. పశ్చిమ ఢిల్లీలోని ఆ కుమ్మరివాడలో వందలాది కుటుంబాలు సారెను నమ్ముకుని బతుకుతున్నాయి. వేసవిలో కుండలు, దీపావళికి ప్రమిదలు వారి చేతి చలవే. అమెరికాలో గిన్నెలను విరాళంగా ఇవ్వడం రివాజు. మా సంఘంలోనూ ఒకరిద్దరు, "ఆ కుమ్మరి ఉచితంగా ఇస్తాడేమో అడగకూడదా?" అన్నారు. సంఘం కోశాధికారిణి ఒప్పుకోలేదు. "ముందు ఆయన కూలి, తరువాతే మన దానం" అన్నదామె. ఆ సాయంత్రం నేను విన్న మాటలలో మొదట మెచ్చుకోదగినది అదే.

గిన్నెలు చేసిన పెద్దాయన కూడా వచ్చాడు. పిల్లలకు సారె తిప్పి చూపించిన తరువాత ఆయనను నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఇంటి సంగతులు అడిగితే నవ్వుతూనే చెప్పాడు: "బాబూజీ, మా ఇంట్లో ఆరుగురం. రేషన్ కార్డులో నలుగురమే. కోడలు ఇంటికి వచ్చి నాలుగేళ్లయింది, మనుమడికి మూడో ఏడు. కార్డు లెక్కన వాళ్లింకా పుట్టలేదు." తలకు నెలకు అయిదు కిలోల చొప్పున నలుగురికి వచ్చే ఇరవై కిలోలను ఆరుగురు పంచుకుంటున్నారన్నమాట.

2013 ఆగస్టు 26 రాత్రి లోక్‌సభ ఆహార భద్రత బిల్లును ఆమోదించినప్పుడు నేను ప్రెస్ గ్యాలరీలో ఉన్నాను. సెప్టెంబరు 2న రాజ్యసభ ఆమోదమూ లభించింది. దానంగా కాక హక్కుగా తిండిగింజలు ఇవ్వడమే ఆ చట్టం గొప్పతనం. గ్రామీణులలో 75 శాతం, పట్టణవాసులలో 50 శాతం వరకు అందులోకి వస్తారు. 1983లోనే కిలో రెండు రూపాయల బియ్యాన్ని చూసిన తెలుగువారికి ఈ ఆలోచన కొత్త కాదు. ఒక రాష్ట్రపు కార్డుతో మరో రాష్ట్రంలో సరకు తీసుకునే పద్ధతిని 2019 ఆగస్టులో తొలుత ప్రారంభించిన జంటలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు ఒకటి. 2023 జనవరి నుంచి గింజలు ఉచితం కూడా అయ్యాయి.

కాగా చిక్కు ధరలో లేదు, లెక్కలో ఉన్నది. దేశం మొత్తానికి 81 కోట్ల 35 లక్షల మంది అన్న పరిమితి 2011 జనగణనను బట్టి కట్టినది. రాష్ట్రాల వాటాలూ అంతే. వాటా నిండిన చోట కొత్త పేరు ఎక్కాలంటే పాత పేరు తొలగాలి. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు. పెరిగిన జనాభాను పరిగణించే మార్గం చూడమని 2022 జూలైలో సుప్రీంకోర్టు సూచించింది. తదుపరి జనగణన తరువాతే అన్నది కేంద్రం వాదన. ఆ జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా 2025 జూన్‌లో ప్రకటించారు. అంకెలు వెలువడి, వాటాలు మారి, కార్డులు అందేసరికి ఆ మనుమడు బడిలో చాలా తరగతులు దాటి ఉంటాడు.

మా పళ్లెం సంగతి

నా సంగతీ చెప్పుకోవాలి. 2021 జనవరిలో సబ్సిడీ ఎత్తివేసేదాకా పార్లమెంటు క్యాంటీనులో చౌకగా భోజనం దొరికేది. సభ్యులతో పాటు విలేకరులమూ తిన్నాము. ఆ పళ్లెం కోసం నేను దరఖాస్తు పెట్టుకోలేదు, వేలిముద్ర వేయలేదు. నా వాటా నిండిపోయిందని ఎవరూ అనలేదు.

విందు వల్ల కొన్ని వారాల పాటు కొందరి కడుపు నిండింది. అది చిన్న విషయం కాదు. మరుసటి ఏడు పిలిచినా వెళతాను. అయితే కాలనీవారు చేయగలిగినది కిచిడీ వండి వడ్డించడం వరకే. పరిమితిని సవరించడం సభ చేయవలసిన పని. దానికి కావలసినది విరాళం కాదు, ఒక ప్రశ్న. పాఠకులు తమ లోక్‌సభ సభ్యుని చేత ఆ ప్రశ్న వేయించవచ్చు.

నా గిన్నె రాతబల్ల మీద ఉన్నది. మా ఇంటావిడ పెరుగు తోడు పెడతానన్నది. కొన్నాళ్లు ఖాళీగానే ఉండనిమ్మన్నాను.