మెట్లకు బండ వేయించే ముందు

తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో మిద్దె మెట్లకు పని ఎక్కువ. శెనక్కాయలు ఎండబెట్టాలన్నా, చింతపండు ఆరబోయాలన్నా, వేసవి రాత్రి చాప పరచుకోవాలన్నా మిద్దె మీదికే పోవాలి. నెత్తిన గంప, చేతిలో బిడ్డతో ఎక్కి దిగే దారి అది. అందుకే నట్టింటి నేలకు రాయిని ఎంచినట్టు మెట్లకు ఎంచకూడదు. ఈ సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది.

మా ఇంటి బయటి మెట్లు మొదట సిమెంటువి. అంచులు రాలిపోతున్నాయని నున్నటి పాలిష్ గ్రానైటు వేయించాము. అద్దంలా ఉన్నాయని చూసినవారంతా మెచ్చుకున్నారు. నెల తిరగకముందే మా అమ్మ వడియాల పళ్ళెంతో దిగుతూ ఆఖరి మెట్టు దగ్గర పడిపోయి తుంటి ఎముక విరిగింది. ఆ రోజు వాన లేదు, మెట్ల మీద తడి లేదు. "కాలికి నేల అందలేదు నాయనా" అన్నది అమ్మ. వయసు మీద పడింది, చూపు ఆనలేదేమో అనుకున్నాము. తర్వాత టేపు పెట్టి కొలిచాము. తప్పు అమ్మ చూపుది కాదు.

మునుపు ప్రతి మెట్టూ 7 అంగుళాల ఎత్తు. సిమెంటు, రాయి కలిసి ఒక్కో మెట్టు మీద అంగుళమున్నర చేరింది. అన్నిటి మీదా ఒకేలా చేరింది గనుక నడిమి మెట్ల ఎత్తులో తేడా రాలేదు. కాని కింద వాకిలి, పైన మిద్దె మునుపటిలాగే ఉండిపోయాయి. దాంతో అన్నిటికన్నా కింది మెట్టు ఎనిమిదిన్నర అంగుళాలైంది, పైన చివరి ఎత్తు అయిదున్నరకు తగ్గింది. రెండు మూడు మెట్లు దిగేసరికి పాదం ఒక లెక్కకు అలవాటు పడుతుంది. ఆ తర్వాత ఎవరూ కిందికి చూసి దిగరు, గంప మోసేవారికి చూసే వీలే ఉండదు. ఇళ్ళలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే ఏడున్నర అంగుళాలు మించరాదనీ, కాలు పెట్టే చోటు 250 మిల్లీమీటర్లకు, అంటే సుమారు 10 అంగుళాలకు తగ్గరాదనీ జాతీయ భవన నియమావళి చెబుతుంది. మా కింది మెట్టు ఆ హద్దు కూడా దాటింది.

కనుక రాయి కొనడానికి ముందే మేస్త్రీని కూర్చోబెట్టి ఈ లెక్క అడగండి. పాత సిమెంటు పూత చెక్కించి ఆ మందం మేరకే రాయి వేయించవచ్చు. లేదా వాకిలిని, మిద్దె నేలను కూడా అంతే ఎత్తు లేపాలి. "ఏం కాదులే అన్నా" అంటే ఒప్పుకోవద్దు.

ఇక రాయి సంగతి. గ్రానైటుకు మన పాత చిత్తూరు జిల్లా పెట్టింది పేరు, కుప్పం పచ్చరాయి ఇక్కడిదే. అది గట్టిది, సులభంగా అరగదు. చిక్కంతా పాలిష్‌తోనే. అదే గ్రానైటును మంటతో కాల్చి గరుకు చేసి ఇస్తారు, బయటి మెట్లకు అది మేలు. కడప నల్లబండ, తాడిపత్రి, బేతంచెర్ల బండలు ఖర్చు తక్కువ. పాలిష్ పట్టనివైతే కాలు బాగా నిలుస్తుంది. అయితే అవి సున్నపురాయి జాతివి. యాసిడ్ పోసి కడిగితే పైపొర తినేస్తుంది, నిమ్మరసం పడినా మచ్చ పడుతుంది. టైల్సు చౌకగా కనబడతాయి గాని, మూట దించేటప్పుడు ముందు అంచు పగిలే మాట మరచిపోకూడదు.

బండ కింద సిమెంటు నిండుగా పరవాలి. నాలుగు మూలలా ముద్దలు పెట్టి అతికిస్తే మధ్యలో డొల్ల మిగులుతుంది. తాపీ పిడితో తట్టి చూడండి, శబ్దమే చెబుతుంది. అక్టోబరు, నవంబరు వానలకు నీరు నిలవకుండా ముందుకు కొద్దిగా వాలు ఉండాలి. ముందు అంచుకు దగ్గరగా రెండు మూడు గాళ్ళు కోయించి, అంచు పదును తీయించండి. అంచుకు వేరే రంగు పట్టీ వేయిస్తే చూపు మందగించిన పెద్దవారికి మెట్టు ఎక్కడ ముగుస్తుందో తెలుస్తుంది.

మేము రాయి పీకించలేదు, అంత డబ్బు లేదు. మెట్ల కింద వాకిలిని అంగుళమున్నర లేపించాము, పైన మిద్దె గుమ్మం దగ్గర కూడా అంతే. ఉన్న గ్రానైటుకే గాళ్ళు కోయించి, గోడ పొడవునా ఇనుప పైపు బిగించాము. అమ్మ ఆరు నెలల తర్వాత మళ్ళీ మిద్దె ఎక్కింది. ఇప్పటికీ ఆఖరి మెట్టు మీద ఒక్క క్షణం ఆగి, పైపు పట్టుకుని, పాదంతో నేలను తడిమిచూసి గాని దిగదు.